సంఘం రేడియో 90.4: రొట్టెలు చేసే టైంకు పెట్టుకోండ్రి

ఈ రేడియోకు రేటింగ్ అంటే అయిదుకు నాలుగిస్త. జహీరాబాద్ దిక్కు ఊర్లోళ్లకు తెలిసిందే, మాచ్‌నూర్ నుంచి వస్తది, డీడీఎస్ (డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ) సంఘాల ఆడోళ్లే నడుపుతరు, అండ్ల ఎక్కువ దళిత మహిళలు, ఎకరం రెండెకరాలోళ్లు. 2008 అక్టోబర్‌ల మొదలైంది కానీ స్టూడియో పదేండ్ల ముందుగాలనే ఉండె. రేడియో తరంగాలు జనం ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లనే చెప్పింది, ఇట్లాంటి స్వచ్ఛంద సంస్థలకు లైసెన్స్ ఇచ్చే పాలసీ మాత్రం 2006 దాక రాలె. అందాక వీళ్లు ఊకోలె, ప్రోగ్రాములు క్యాసెట్లల్ల రికార్డు చేసి సంఘం మీటింగులల్ల ఇనిపిచ్చిన్రు. గట్ల ఎవలన్న ఆగుతరా చెప్పుండ్రి!

నాకు నచ్చేది ఏందంటే పొద్దుగూకినంక వస్తది, అంటే మనం పొయ్యి కాడ ఉండే టైం. చేతులు రెండు జొన్నపిండిల ఉంటయ్, ఫోన్ ముట్టరాదు, రొట్టె మీదికెళ్లి కన్ను తీస్తే మాడుతది, ఖాళీగ ఉండేటివి చెవులే. ఇత్తనాలల్ల బూడిద, వేపాకు కలిపి బుట్ట మూతికి పేడమట్టి ఎట్ల అలకాలెనో ఒక పెద్దమ్మ చెప్తుంటే మా అత్తమ్మ ఈడికెళ్లే "ఇంకొంచెం బూడిద పొయ్యాలె" అని జవాబిస్తది, రేడియోకు ఇనపడుతదన్నట్టు.

వేరే వ్యవసాయం ప్రోగ్రాములైతే "రైతు సోదరులకు నమస్కారం" అని షురూ చేసి ఏ మందు ఎంత కొట్టాలెనో చెప్పి పోతరు. కలుపు తీసేది, ఇత్తనం దాసేది ఎవరు మరి? పట్టా మొగోని పేరు మీద ఉంటది, రైతుబంధు పైసలు ఆయన ఖాతాలనే పడ్డయ్, నడుము మాత్రం మనది పోతది. ఈ రేడియోల మాట్లాడేటోళ్లకు ఇది కొత్తగ చెప్పనక్కర్లే, పొద్దంత చేన్ల ఉండి వచ్చినోళ్లే కదా, మాట కూడ మన మాటనే, పుస్తకం చదివినట్టు ఉండది. నాట్ల పాటలు, పండుగ పాటలు మస్తుంటయ్.

ఒక మార్కు కోసింది రేంజికి. కమ్యూనిటీ రేడియో కాబట్టి చిన్న ట్రాన్స్‌మీటరే, కొంచెం దూరం పోతే గరగరే, పట్నంల ఉండేటోళ్లు ఆశ పెట్టుకోకుండ్రి. ఇగ ఫోన్ల ఎఫ్ఎం పెడితే ఇయర్‌ఫోన్ వైరే ఏరియల్, అది చెవిల పెట్టుకుంటే ఒక్కరికే ఇనపడుతది, ఇంట్ల నలుగురు కలిసి ఇనుడు ఉండది. అందుకే సెల్లులేసే చిన్న రేడియో సెట్ కొనుక్కోండ్రి, ఊర్లల్ల కరెంటు సంగతి తెల్సిందే కదా.