24 గంటల మూత్రంలో 17-కీటోస్టెరాయిడ్లు: హన్మకొండ ల్యాబులో రంగు పరీక్ష ఎలా ఉంది?

17-కీటోస్టెరాయిడ్లంటే అడ్రినల్ గ్రంథులు (కిడ్నీల మీద ఉండేవి), మగవాళ్లలో వృషణాలు కూడా చేసే హార్మోన్లు విరిగి మూత్రంలోకి వచ్చే పదార్థాలు. వాటిని కొలవడానికి ఈ ల్యాబు ఇంకా జిమ్మర్‌మన్ రంగు పద్ధతినే నమ్ముకుంది. పాతదని కొట్టిపారేయక్కర్లేదు, చేతిపని శుభ్రంగా ఉంటే ఇప్పటికీ పనికొస్తుంది. లోపలి పని బాగుంది. గడబిడంతా కౌంటర్ దగ్గరే.

డబ్బా చేతికిచ్చి "రేపు పొద్దుగాల తెండి" అంటారు, అంతే. చెప్పాల్సింది ఇది: లేవగానే పోసిన మూత్రం పారబోసి టైం రాసుకోవాలి. అక్కణ్నుంచి ప్రతిసారీ డబ్బాలోకే, మర్నాడు అదే టైముకు పోసింది కూడా. మొదటిది కూడా పట్టేస్తే లెక్క పెరుగుతుంది, మధ్యలో ఒకసారి మరిస్తే తగ్గుతుంది. డబ్బా ఫ్రిజ్‌లోనే ఉండాలి. మే నెల ఎండల్లో బయట పెడితే బ్యాక్టీరియాకు పండగే. మూత్రం పట్టడం సరిగ్గా జరిగిందా లేదా తేల్చేది క్రియాటినిన్, అంటే కండరాల నుంచి రోజూ దాదాపు ఒకే మోతాదులో మూత్రంలోకి వచ్చే పదార్థం: మగవాళ్లకు రోజుకు, కిలో బరువుకు సుమారు 14–26 మిల్లీగ్రాములు. రిపోర్టులో అది రాదు, అడిగితేనే చేస్తారు. తప్పక అడగండి.

లోపల మూత్రాన్ని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో వేడిచేసి స్టెరాయిడ్లను విడదీస్తారు, ఈథర్‌లోకి లాగుతారు, సోడియం హైడ్రాక్సైడ్‌తో కడుగుతారు. ఈస్ట్రోజెన్లు ఆ కడుగునీళ్లతో పోతాయి. ఈథర్ ఎగిరిపోయాక మిగిలినదానికి మెటా-డైనైట్రోబెంజీన్, ఆల్కహాల్‌లో కరిగించిన పొటాషియం హైడ్రాక్సైడ్ కలిపితే ఊదా రంగు తేలుతుంది. 25 డిగ్రీల వాటర్‌బాత్‌లో, చీకట్లో ఉంచి 520 నానోమీటర్ల దగ్గర చదువుతారు. ఇక్కడ మెచ్చుకోవాల్సింది ఒకటుంది: 440, 600 దగ్గర కూడా చదివి, ఆ రెండింటి సగటును 520 రీడింగులోంచి తీసేస్తున్నారు. మూత్రపు సొంత గోధుమరంగు అలా పోతుంది. చాలాచోట్ల ఈ ఓపిక ఉండదు. బ్లాంక్ (మూత్రం లేకుండా రసాయనాలతోనే చేసిన గొట్టం) ఎర్రబడితే మాత్రం అనుమానించాల్సింది రీఏజెంట్‌నే: డైనైట్రోబెంజీన్ శుద్ధంగా లేకపోయినా, ఆల్కహాల్‌లోని పొటాషియం హైడ్రాక్సైడ్ పాతబడి పసుపెక్కినా అంతే. పక్క బల్ల మీద అసిటోన్ ఉన్నా రంగు వస్తుంది: ఈ రంగు కీటోన్లతో వచ్చేదే, అసిటోనూ కీటోనే కదా.

మందుల సంగతి అడగకపోవడం పెద్ద లోపం. నాలిడిక్సిక్ ఆసిడ్ (మూత్రంలో ఇన్ఫెక్షన్‌కు ఇచ్చే మందు) వాడుతున్నవాళ్లకు అంకె ఉత్తుత్తిగా పెరుగుతుంది.

టెస్టోస్టెరాన్ తెలుసుకోవాలని వచ్చేవాళ్లు మాత్రం ఈ డబ్బా పట్టుకెళ్లొద్దు. దానికి 17వ కార్బన్ దగ్గర కీటోన్ లేదు, ఈ రంగులో అది కనబడదు. రక్తపరీక్షే చేయించుకోండి. అడ్రినల్ సంగతి చూడాలని డాక్టర్ రాస్తేనే ఇది, అదీ క్రియాటినిన్‌తో కలిపి.