క్లాసులో కాలింగ్ బెల్: గొంతు బాగుపడింది, కానీ...

కొత్త టీచర్ క్లాసుకి ఏమేం కొనాలని ఎవరిని అడిగినా చార్టులు, బోర్డు చుట్టూ అంటించే బోర్డర్లు, మెరుపు స్టిక్కర్లు, రంగురంగుల డబ్బాలు అంటారు. అవన్నీ నేనూ కొన్నాను. బోర్డర్లు ఎండ తగిలే వైపు వెలిసిపోయాయి. స్టిక్కర్లు బల్లల అడుగున చేరాయి. డబ్బాలు పనికొస్తున్నాయి, వాటి గురించి అంతకన్నా చెప్పడానికేం లేదు. నేను పనిగట్టుకుని పొగిడేది మాత్రం ఇంటి గుమ్మానికి పెట్టుకునే వైర్‌లెస్ కాలింగ్ బెల్‌ని.

మోగే భాగాన్ని, అంటే రిసీవర్‌ని గదిలో ప్లగ్‌కి పెట్టి, బటన్‌ని ఐడీ కార్డు తాడుకి తగిలించుకున్నాను. నొక్కితే ట్యూన్ వస్తుంది, పిల్లలు చేతిలో పని ఆపి నా వైపు చూడాలి. అంతకుముందు సైలెన్స్ సైలెన్స్ అని అరిచి, డస్టర్‌తో బల్ల మీద కొట్టి, సాయంత్రానికి గొంతు బొంగురు పోయేది. ఇప్పుడు ఆ బాధ చాలావరకు తగ్గింది. ఇందులో నాకు బాగా నచ్చింది ఏమిటంటే, బెల్‌కి కోపం రాదు. నేను అరిస్తే ఆరోజు నేను చిరాగ్గా ఉన్నానో లేదో పిల్లలు ఇట్టే పట్టేసేవాళ్లు. బెల్ పొద్దున మోగినట్టే చివరి పీరియడ్‌లోనూ మోగుతుంది. పైగా వెనక బెంచీ దగ్గర ఒకరి లెక్క దిద్దుతూ అక్కణ్నుంచే నొక్కచ్చు. బల్ల మీద పెట్టే గంటకి ఆ సౌకర్యం లేదు.

ట్యూన్లు డజన్లకొద్దీ ఉంటాయి కానీ వాటిలో పనికొచ్చేవి నాలుగైదే. పొడుగాటి పాటల జోలికి వెళ్లకండి. ట్యూన్ అయిపోయేదాకా పిల్లలు కలిసి పాడతారు, నిశ్శబ్దం సంగతి దేవుడెరుగు. రెండు సెకన్లలో ముగిసే టింగ్ టాంగ్ చాలు.

ఇక అసలు కథ. నా పొగడ్తలు విని పక్క సెక్షన్ టీచర్ కూడా సరిగ్గా ఇదే మోడల్ కొన్నారు. కొన్నాళ్లు బాగానే గడిచింది. ఉన్నట్టుండి ఒకరోజు నుంచి నేను నొక్కకుండానే బెల్ మోగడం మొదలైంది. పిల్లలు పద్యం అప్పజెబుతూ సగంలో టక్కున ఆగిపోతారు. నేను తెల్లమొహం వేస్తాను. బటన్ దేనికైనా తగిలి నొక్కుకుంటోందేమో అని తాడు తీసి బల్ల మీద పెట్టాను. మోగింది. బటన్‌లో బ్యాటరీ తీసేశాను. అయినా మోగింది! ఆ రోజు క్లాసులో దయ్యాల చర్చ తప్ప చదువు సాగలేదు. చివరికి కిటికీ పక్కన కూర్చునే పాప చెప్పింది: "టీచర్, మన బెల్ మోగినప్పుడల్లా పక్క క్లాసు కూడా సైలెంట్ అయిపోతోంది."

సంగతి ఏమిటంటే, ఇలాంటి బెల్ రిసీవర్‌కి ముందు మన బటన్ కోడ్, అంటే ఆ బటన్‌ని గుర్తుపట్టే సంకేతం నేర్పించాలి. నా మోడల్‌లో కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ రిసీవర్ కాసేపు మళ్లీ నేర్చుకునే స్థితిలోకి వెళ్తుంది. పాత కోడ్ మర్చిపోదు కానీ, ఆ సమయంలో ఎవరి బటన్ నొక్కినా దాన్ని కూడా కలుపుకుంటుంది. కరెంటు వచ్చినప్పుడు పిల్లలు చేసే గోల తెలిసిందేగా, అది ఆపడానికి ఇద్దరు టీచర్లమూ ఒకేసారి బటన్ నొక్కి ఉంటాం. బటన్ సిగ్నల్ ఇంత దూరం అందుతుందని డబ్బా మీద రాసేది ఏ అడ్డూ లేని చోట లెక్క. గోడ అడ్డొస్తే అది తగ్గుతుంది, కానీ పక్క గదిదాకా రావడానికి ఆ తగ్గింది కూడా ఎక్కువే. ట్యూన్ ఎంపిక రిసీవర్‌లోనే ఉంటుంది కాబట్టి ఆవిడ నొక్కినా నాకు నా ట్యూనే వినిపించేది. అందుకే అనుమానం రాలేదు.

రిసీవర్ మీదే ఉండే బటన్‌ని చాలాసేపు నొక్కి పట్టుకుంటే కోడ్‌లన్నీ చెరిగిపోయాయి. తర్వాత ఒక్కొక్కరం విడిగా మళ్లీ నేర్పించుకున్నాం. అయినా కరెంటు పోయిన ప్రతిసారీ మాకు ఆ టెన్షన్ ఉంది. కరెంటు రాగానే కాసేపు బటన్ జోలికి పోకూడదని ఇద్దరం ఒప్పందం చేసుకున్నాం. సరిగ్గా బెల్ కావాల్సింది అప్పుడే మరి.

గొంతు విషయంలో చెప్పింది వెనక్కి తీసుకోను కానీ, మొదట్లో ఉన్నంత పదును ఇప్పుడు లేదు. పీరియడ్‌కి రెండు మూడుసార్లు దాటి మోగిస్తే పిల్లలు దాన్ని ఫ్యాను చప్పుడులాగే వదిలేస్తారు. టర్మ్ మధ్యలో ట్యూన్ మారిస్తే మళ్లీ కొన్నాళ్లు పనిచేస్తుంది. ఒక బాబుకి హఠాత్తుగా వచ్చే శబ్దం పడదు, చెవులు మూసుకునేవాడు. వాల్యూమ్ అన్నిటికన్నా తక్కువలో పెట్టినా వాడికి ఎక్కువే అయింది. స్పీకర్ రంధ్రాల మీద టేపు రెండు పొరలు వేశాక కాస్త నయం. వినికిడి సమస్య ఉన్న పిల్లలుంటే మోగేటప్పుడు లైటు వెలిగే రకం చూసుకోవాలి, నాది అది కాదు.

ఇంకొకటి, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. చాలా బటన్లలో 2032 రకం నాణెం బ్యాటరీ ఉంటుంది. చిన్నపిల్లలు దాన్ని మింగితే రెండు గంటల్లోనే ఆహారనాళం లోపల తీవ్రంగా కాలిపోయే ప్రమాదం ఉంది. మూతకి స్క్రూ ఉన్న బటనే కొనండి, పాత బ్యాటరీని క్లాసు చెత్తబుట్టలో వేయకండి.

నేను చెప్పేది చిన్న తరగతుల అనుభవం. నాకు సొంత గది ఉంది, ప్లగ్ ఉంది. పీరియడ్ పీరియడ్‌కి గది మారే టీచర్లకి ప్లగ్ రిసీవర్ మోయడం దండగ, బ్యాటరీతో నడిచే రిసీవర్ ఉన్నది చూడండి. నాది పాడైతే నేనూ అదే కొంటాను, కరెంటు గొడవ ఉండదు. పక్క సెక్షన్‌లో బెల్ ఉంటే మాత్రం వాళ్లది ఏ మోడలో ముందే అడిగి, వేరే కంపెనీది తీసుకోండి.