వీఆర్‌చాట్‌లో అల్లరి అవతార్లు: గది నడిపే మనిషిగా నా సమీక్ష

వీఆర్‌చాట్‌లో తెలుగువాళ్లం కలుసుకునే ఒక గదిని నడిపేవాళ్లలో నేనొకణ్ణి. వీఆర్‌చాట్ అంటే అవతార్ అనే బొమ్మ రూపంలో నలుగురినీ కలుసుకునే వర్చువల్ రియాలిటీ (వీఆర్) లోకం. మాది విశాఖపట్నం, ఎంవీపీ కాలనీ. శని, ఆదివారాల్లో రాత్రి భోజనాలయ్యాక గది తెరుస్తాం. గాజువాక, మధురవాడ కుర్రాళ్లు, శ్రీకాకుళం నుంచి ఒక టీచరమ్మ, దుబాయ్‌లో డ్యూటీ దిగిన అన్నయ్యలు, టెక్సాస్‌లో అప్పుడే నిద్ర లేచినవాళ్లు వస్తారు. మా జట్టులో ఒక తమ్ముడు ఆటలు తయారుచేసే యూనిటీ సాఫ్ట్‌వేర్ నేర్చుకుని ఆర్కే బీచ్‌ను మా కోసం కట్టాడు. ఒడ్డున కురుసుర జలాంతర్గామి కూడా నిలబెట్టాడు. అందరం దాని పక్కనే కూర్చుని కబుర్లు చెప్పుకుంటాం.

ఇలాంటి చోటికి ఒక్క అవతార్ వచ్చి ఆ రాత్రంతా పాడుచెయ్యగలదు. దాన్ని ఆపే సాధనాలను చాలాకాలంగా వాడుతున్నాను. ముందే చెప్పేస్తాను: నన్ను నేను కాపాడుకోవడానికి ఉన్నవి చాలా బాగున్నాయి. గది మొత్తాన్ని కాపాడేవి మాత్రం వాటి వెనక మెలకువగా ఉన్న మనుషులుంటేనే పనిచేస్తాయి.

హెడ్‌సెట్ పెట్టుకోనివాళ్లు "ఏటండీ, బొమ్మే కదా, ఏటైపోద్ది?" అంటారు. ఫోన్‌లో చెడ్డ కామెంట్ చదవడం వేరు, మూరెడు దూరంలో ఒక ఆకారం నిలబడి చెవిలో అరవడం వేరు. ఒళ్లు నిజంగానే వెనక్కి లాగుతుంది. ఇది కొత్త సంగతి కూడా కాదు. 2016లో క్వివర్ అనే విలువిద్య ఆటలో ఒక ఆటగాడు తన అవతార్‌ను పదేపదే తాకుతూ వెంటపడ్డాడని ఒక మహిళ రాసింది. ఆ ఆట తయారుచేసినవాళ్లు అది చదివి, ఒక చేతి సైగతో ఎదుటివాణ్ణి దూరంగా నెట్టేసే రక్షణ పెట్టారు. ఫేస్‌బుక్‌వాళ్ల సంస్థ మెటా, హొరైజన్ వరల్డ్స్ అనే తన వీఆర్ లోకంలో 2022 ఫిబ్రవరిలో అవతార్ల మధ్య దాదాపు నాలుగడుగుల ఎడం ఉండేలా హద్దు పెట్టింది. వీఆర్‌చాట్‌లోనూ పర్సనల్ స్పేస్ అనే సెట్టింగ్ ఉంది. అది ఆన్ చేస్తే మీద మీదకి వచ్చే అవతార్ మన కంటికి కనబడకుండా పోతుంది. కొత్తగా వచ్చే ప్రతి ఒక్కరితో, ముఖ్యంగా ఆడపిల్లలతో, మేం మొదట ఇదే ఆన్ చేయిస్తాం.

వీఆర్‌చాట్‌లో అల్లరికి అసలు మూలం దాని గొప్పతనంలోనే ఉంది. ఎవరి అవతార్‌ను వాళ్లు తయారుచేసుకుని ఎక్కించుకోవచ్చు. గదంతా కప్పేసేంత రాక్షసుడు, కళ్లు చెదిరే మెరుపులు, చెవులు పగిలే సైరన్, చూసినవాళ్ల కంప్యూటర్‌ను ఆపేసేలా కావాలని చేసిన అవతార్లు, అన్నీ వస్తాయి. దీనికి వాళ్లు పెట్టిన విరుగుడు ట్రస్ట్ ర్యాంక్, అంటే మనిషి మీద నమ్మకాన్ని బట్టి ఇచ్చే హోదా. విజిటర్, న్యూ యూజర్, యూజర్, నోన్ యూజర్, ట్రస్టెడ్ యూజర్ అని మెట్లుంటాయి. పేరు పక్కన రంగు చూస్తే ఎవరు ఏ మెట్టులో ఉన్నారో తెలిసిపోతుంది. ఒక్కో మెట్టువాళ్ల గొంతు వినాలా, అవతార్ చూడాలా, శబ్దాలు, లైట్లు, షేడర్లు (రంగులు, మెరుపులు గీసే చిన్న ప్రోగ్రాములు) రానివ్వాలా అని విడివిడిగా ఎంచుకోవచ్చు.

ఇంత వివరంగా ఎంచుకునే వీలు నాకు నిజంగా నచ్చింది. నా సెట్టింగ్‌లో విజిటర్ల గొంతు వినబడుతుంది, అవతార్ మాత్రం కనబడదు. దానికి బదులు మామూలు బొమ్మ ఒకటి కనిపిస్తుంది. కొత్తవాడితో మాట కలపొచ్చు, వాడు వేసుకొచ్చినదానివల్ల నా కంప్యూటర్ ఆగిపోయే అవకాశం లేదు. పీసీ లేకుండా, మెటావాళ్ల క్వెస్ట్ హెడ్‌సెట్ మీద నేరుగా ఆడేవాళ్లకి ఇంకో మేలుంది. అక్కడ సొంతంగా రాసిన షేడర్లను అసలు అనుమతించరు, అవతార్ ఫైలు 10 ఎంబీ దాటకూడదు, మరీ బరువైనవి మనం ప్రత్యేకంగా చూపించమంటే తప్ప కనబడవు. అందుకే పీసీ మీద ఉన్నవాళ్లు ఒక్కసారిగా గదిలోంచి పడిపోయిన రాత్రి కూడా, క్వెస్ట్‌వాళ్లు "ఏమైంది, అందరూ ఎక్కడికి పోయారు?" అని అడిగారు.

ఇక బ్లాక్ గురించి. దీని మీద కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే అందరూ మొదట నొక్కేది అదే. బ్లాక్ చేస్తే ఇద్దరూ ఒకరికొకరు కనబడరు, వినబడరు. ఒంటరిగా వెళ్లేవాళ్లకి అంతకు మించింది లేదు. పదిమంది కూర్చున్న చోట మాత్రం కథ మారిపోతుంది. ఒకసారి ఒకడు టీచరమ్మ చుట్టూ తిరుగుతూ వెకిలి చేష్టలు చేశాడు. ఆవిడ బ్లాక్ చేశారు. ఆవిడకి వాడు పోయాడు, మాకు పోలేదు. వాడు ఆవిడ పక్కనున్న అమ్మాయి మీద పడ్డాడు. అందరం మాట ఆపేసి అటు తిరిగాం. టీచరమ్మకి ఏం జరుగుతోందో అర్థం కాలేదు. "ఏం బాబూ, అందరూ ఎందుకలా ఆగిపోయారు? నేనేమైనా అన్నానా?" అని కంగారుపడ్డారు. తనను కాపాడిన బొత్తామే ఆవిడను గదిలో జరుగుతున్నదానికి దూరం చేసింది.

అప్పటి నుంచి మా గదిలో ఒక కట్టుబాటు ఉంది: డ్యూటీలో ఉన్న మోడరేటర్, అంటే గదికి కాపలా కాసేవాళ్లు, ఎవరినీ బ్లాక్ చెయ్యకూడదు. వాడి మాటలు వినలేకపోతే మనం మ్యూట్ చేసుకోవచ్చు, కానీ వాడు కంటికి కనబడుతూ ఉండాలి. మా శ్రీకాకుళం తమ్ముడు దీన్ని ఒక్క ముక్కలో చెప్తాడు: "నువ్వు బ్లాక్ సేసీసినావనుకో, నీకు కనబడడు. మరి మిగతావోళ్లని ఎవలు సూస్తారు?"

ఓటు వేసి బయటికి పంపే పద్ధతి పబ్లిక్ గదుల్లో ఉంటుంది. నాకు దాని మీద నమ్మకం లేదు. గుంపుగా వచ్చినవాళ్లే అల్లరి చేస్తుంటే ఓట్లూ వాళ్ల దగ్గరే ఎక్కువుంటాయి.

మా గది పరిస్థితిని మార్చింది గ్రూప్స్. గ్రూప్ పెట్టుకుని, దాని పేరు మీద గది తెరిచి, నమ్మకమైనవాళ్లకి మోడరేటర్ హోదా ఇవ్వొచ్చు. హెచ్చరించడం, బయటికి పంపడం, మళ్లీ రాకుండా బ్యాన్ చెయ్యడం వాళ్ల చేతిలో ఉంటాయి. ఎవరు ఎవరిని ఎప్పుడు పంపారో ఆడిట్ లాగ్‌లో నమోదవుతుంది. ఈ లాగ్ విలువ బయటికి తెలియదు. "నన్ను ఊరికే తీసేశారు" అని ఎవరైనా తరవాత వచ్చి అడిగితే, మేం నలుగురం అది చూసుకుని జవాబు చెప్పగలుగుతున్నాం. ఒక మోడరేటర్ కోపంలో తొందరపడినా అందులో కనబడుతుంది.

నా అనుభవంలో ఎక్కువమందికి హెచ్చరిక బొత్తాం కూడా అక్కర్లేదు. కొత్త హెడ్‌సెట్ దొరికిన ఉత్సాహంలో ఉన్న పిల్లలే చాలామంది. పక్కకి పిలిచి "తమ్ముడూ, ఆ సైరన్ ఆపు, ఇక్కడ పెద్దవాళ్లున్నారు" అని తెలుగులో చెప్తే ఆపేస్తారు. కావాలని చెడగొట్టడానికే వచ్చేవాళ్లతోనే కష్టం. బ్యాన్ చేస్తే కొత్త అకౌంట్‌తో తిరిగొస్తారు. ఇక్కడే ట్రస్ట్ ర్యాంక్ రెండోసారి పనికొస్తుంది. కొత్త అకౌంట్ మళ్లీ విజిటర్‌గానే మొదలవుతుంది, సొంత అవతార్ ఎక్కించే వీలుండదు, మా సెట్టింగ్‌లలో వాడు వేసుకున్నది కనబడదు. బ్యాన్ ఒక్కటే పెట్టుకుంటే అలసిపోతాం, ర్యాంక్ సెట్టింగ్ ఒక్కటే పెట్టుకుంటే వాడి నోరు ఆగదు. రెండూ కలిపి వాడాకే మా రాత్రులు ప్రశాంతంగా గడుస్తున్నాయి.

ఒక మోడరేటర్‌ను ఎప్పుడూ హెడ్‌సెట్ లేకుండా కంప్యూటర్ ముందు కూర్చోబెట్టండి. వీఆర్‌చాట్ మామూలు విండోస్ పీసీలోనూ నడుస్తుంది. మౌస్‌తో మెనూలు చకచకా తెరవొచ్చు, స్క్రీన్ రికార్డ్ చెయ్యొచ్చు. పైగా మే నెలలో మన విశాఖ ఉక్కపోతలో హెడ్‌సెట్ పెట్టుకుని గంటల తరబడి కాపలా కాయడం మనిషి వల్ల అయ్యే పని కాదు. లెన్సులు చెమటతో మసకబారిపోతాయి.

ఆ రికార్డింగ్ ఎందుకంటే, వీఆర్‌లో జరిగినదానికి ఆనవాలు మిగలదు. మెసేజ్ అయితే స్క్రీన్‌షాట్ ఉంటుంది. గాలిలో చేసిన సైగ, చెవిలో అన్న మాట ఆ క్షణానికే పోతాయి. హొరైజన్ వరల్డ్స్‌లో దీనికి ఒక ఉపాయం చేశారు: చివరి కొద్ది నిమిషాలు హెడ్‌సెట్‌లోనే నమోదవుతూ, పాతవి చెరిగిపోతూ ఉండేలా పెట్టారు. ఫిర్యాదు చేస్తే అదీ జత అవుతుంది. అలాంటిది అన్ని చోట్లా ఉండాలని గట్టిగా కోరుకుంటున్నాను. వీఆర్‌చాట్‌కి రాకముందు మేం కలుసుకున్న వేరే వేదికలో ఒక అమ్మాయి తరఫున ఫిర్యాదు పంపాం. మా దగ్గర రికార్డింగ్ లేదు, జవాబూ రాలేదు. ఆ అమ్మాయి మళ్లీ హెడ్‌సెట్ పెట్టుకోలేదు. ఆ బాధ నాకింకా ఉంది. ఇప్పుడు గది గుమ్మం దగ్గరే బోర్డు పెట్టాం, భద్రత కోసం రికార్డ్ చేస్తున్నామని. ఇష్టం లేనివాళ్లు లోపలికి రాకముందే తెలుసుకోవాలి కదా.

పిల్లల విషయం. వీఆర్‌చాట్‌కి కనీస వయసు 13. వయసు రుజువు చేసుకున్న పెద్దవాళ్లకి మాత్రమే ప్రవేశం ఉండే గదులూ తెరవొచ్చు. మేం పెద్దల ముచ్చట్లకి అలా వేరే గది పెట్టుకుంటాం, బీచ్ గదిలో అందరూ ఉంటారు. ఎవరైనా పిల్లల్ని విడిగా రమ్మని, ఫోన్ నంబరో ఫోటోనో అడిగితే మాత్రం అక్కడ హెచ్చరిక లేదు. నేరుగా బ్యాన్, రిపోర్ట్, తల్లిదండ్రులకి చెప్పడం, అవసరమైతే జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు.

సొంత రక్షణ సాధనాలకి నేను ఐదుకి నాలుగున్నర ఇస్తాను. గ్రూప్ మోడరేషన్‌కి నాలుగు, ఓటు పద్ధతికి రెండు. మన వైజాగ్‌లోనో, ఇంకెక్కడో తెలుగు గది పెట్టాలనుకునేవాళ్లు పబ్లిక్‌గా కాకుండా మొదటి రోజే గ్రూప్ కింద తెరవండి. ఇద్దరు మోడరేటర్లు దొరకని రాత్రి తెరవకండి. మేమూ అలాంటి రాత్రి బీచ్ మూసేసి, ఫోన్‌లో గ్రూప్ కాల్ పెట్టుకుంటాం.