బ్యాక్ ఎక్స్‌టెన్షన్ బెంచ్: మూడేళ్ల వాడకంలో తెలిసింది

జిమ్‌లో 45 డిగ్రీల వాలుతో ఉండే బ్యాక్ ఎక్స్‌టెన్షన్ బెంచ్ మీద, కాళ్లు ఆనించి ఒంటిని ముందుకి వంచి మళ్లీ పైకి లేపే వ్యాయామం మూడేళ్లుగా, వారానికి రెండుసార్లు చేస్తున్నాను. మొదటి ఏడాది దాదాపు వృథాగా పోయింది. కారణం ఒంటి ముందు భాగం ఆనే ప్యాడ్ (మెత్త) ఎత్తు.

చాలామందిలాగే నేనూ ప్యాడ్‌ని పొట్టకి ఆనేలా పెట్టుకునేదాన్ని. అలా పెడితే తుంటి దగ్గర వంగడానికి వీలుండదు, ఆ వంపంతా నడుమే వంగాల్సి వస్తుంది. సెట్ (ఆపకుండా వరసగా చేసే ఒక విడత) అయ్యాక నడుము పట్టేసినట్టుంటే వ్యాయామం బాగా జరిగిందనుకునేదాన్ని. ఒకరోజు ఎత్తు మార్చే పిన్ను తీసి ప్యాడ్‌ని రెండు రంధ్రాలు కిందికి దించాను. ప్యాడ్ తొడల పైభాగానికి మాత్రమే ఆనింది, గజ్జల మడత ప్యాడ్ అంచుకి కాస్త పైన ఉంది. మొదటి రెప్ (ఒకసారి వంగి లేవడం)లోనే తొడల వెనక కండరాలు సాగడం స్పష్టంగా తెలిసింది. ఈ వ్యాయామంలో వాటికీ పిరుదులకీ ఇంత పని ఉంటుందని అప్పటిదాకా నాకు తెలియనే తెలియదు. మీ ప్యాడ్ ఎత్తు సరిపోయిందో లేదో చూడాలంటే గజ్జల మడతలో వేళ్లు పెట్టి నెమ్మదిగా వంగండి. వేళ్లు ప్యాడ్‌కి నొక్కుకుంటే ఇంకా దించాలి.

ఇక చేసే తీరు. పాదాలు పూర్తిగా ఆనాలి, మోకాళ్లు బిర్రబిగుసుకోకూడదు, చేతులు ఛాతీ మీద కట్టుకోవాలి. గాలి పీల్చి, పొట్ట కొంచెం బిగించి, వీపు గూని పోకుండా మూడు అంకెలు లెక్కపెడుతూ దిగాలి. పైకి వచ్చేటప్పుడు పిరుదులు బిగించి గాలి వదలాలి. తల నుంచి మడమల దాకా ఒకే గీతలోకి రాగానే ఆగిపోవాలి.

ఆ ఆగడమే కష్టం. ఈ బెంచ్ మీద ఒళ్లు నేలకి సమాంతరంగా ఉన్నప్పుడు భారం ఎక్కువ, పైకి వచ్చేకొద్దీ తగ్గుతుంది. పైన తేలిగ్గా ఉంటుంది కాబట్టి ఊపులో ఇంకాస్త వెనక్కి విరుచుకుంటాం. ఆ చివరి విరుపు నడుము కీళ్లని నొక్కుతుందే తప్ప బలానికి అక్కరలేదు. నేను దాన్ని మానుకోవడానికి అద్దంలో చూసుకోవడం మానేసి, చూపు ఎప్పుడూ ఎదుట నేల మీదే ఉంచుకున్నాను. మెడ దానంతటదే సర్దుకుంది.

పదిహేను రెప్‌ల మూడు సెట్లు తడబాటు లేకుండా వచ్చాకే 5 కిలోల ప్లేట్ పట్టుకున్నాను. ఇప్పుడు 10 కిలోలు. ప్లేట్‌ని ఛాతీకి హత్తుకోవాలి. తల వెనక పెట్టుకుంటే మెడ లాగుతుంది, పైగా తుంటికి దూరమయ్యేసరికి అదే ప్లేట్ ఎక్కువ బరువవుతుంది. ఆఖరి సెట్ చివర్లో సమాంతరంగా ఇరవై సెకన్లు కదలకుండా ఉంటాను. నాకు ఎక్కువ మేలు చేసింది అదేననిపిస్తుంది. నిండు బకెట్ ఎత్తేటప్పుడు ఇప్పుడు చేయి నడుము మీదకి పోవడం లేదు.

లోపాలూ ఉన్నాయి. మడమల దగ్గరి రోలర్ గట్టిగా ఉంటే పిక్క కింద నొక్కుకుని ఎర్రగా కందుతుంది, పొడుగు మేజోళ్లు వేసుకోవాల్సిందే. మరీ లోతుగా దిగితే తల దిమ్మెక్కుతుంది. వీపు పైభాగానికి దీంతో పెద్దగా ఒరిగేదేమీ లేదు, దానికి రోయింగ్ (బరువుని ఒంటివైపు లాగే వ్యాయామం) విడిగా చేయాలి. నడుము నుంచి కాలిలోకి నొప్పి జాలుగా దిగుతుంటే మాత్రం డాక్టర్‌కి చూపించుకోకుండా ఈ బెంచ్ ఎక్కవద్దు.

ఎత్తు నాకు ఆరో రంధ్రం దగ్గర కుదిరింది. నా ముందు ఎవరు చేసి దిగినా, ఆ పిన్ను చూసుకున్నాకే ఎక్కుతాను.