హైస్కూలు నిండిపోయింది: షిఫ్టులా, పైఅంతస్తా, పక్క బడా?

హైదరాబాద్ శివార్లలో నిజాంపేట, బాచుపల్లి, నార్సింగి వైపు అపార్ట్‌మెంట్లు లేచినంత వేగంగా సర్కారు బడులు పెరగలేదు. ఆ అపార్ట్‌మెంట్లు కట్టే కూలీల పిల్లలు, వాచ్‌మన్ల పిల్లలు చేరేది ఒకప్పుడు ఊరికి సరిపడా కట్టిన జెడ్పీ హైస్కూల్లోనే. గదులు చాలవు. మరి ఏది మేలు?

ముందుగా అందరికీ తట్టేది షిఫ్టులు. కొత్త గది కట్టక్కర్లేదు, రేపే మొదలెట్టొచ్చు. కానీ 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి ఎనిమిది తరగతులకు ఏటా 220 పనిదినాలు, 1000 గంటల బోధన ఉండాలి. రోజుకు నాలుగున్నర గంటలకు పైమాటే. పూట బడిలో ఆ గంటలు ఎలాగో సర్దినా ఆటలు, ల్యాబ్, పదో తరగతి స్పెషల్ క్లాసులు ఎప్పుడు పెడతారు? పైగా పొద్దుటి షిఫ్టు అయిపోయిన పిల్లాడికి ఇంట్లో ఎవరూ ఉండరు. పదమూడేళ్లవాణ్ని సైటుకు తోడు తీసుకెళ్లడం అక్కడే మొదలవుతుంది. నన్ను అన్నిటికన్నా భయపెట్టేది ఇదే.

పైఅంతస్తు కొంత నయం, పాత పునాది ఆ బరువు మోయగలిగితే. అయితే గదులు పెరిగినంత మాత్రాన గ్రౌండు, బాత్‌రూములు, వంటగది పెరగవు.

నా ఓటు మూడోదానికి: దగ్గర్లోని ప్రాథమికోన్నత పాఠశాలను (ఏడో, ఎనిమిదో తరగతితో ఆగిపోయే బడిని) హైస్కూలుగా అప్‌గ్రేడ్ చేయడం. అక్కడ స్థలం, పిల్లలు ముందే ఉన్నారు. ఏటా ఒక తరగతి కలుపుకుంటూ పోతే ఆ పిల్లలు పాత హైస్కూలుకు రావాల్సిన పని ఉండదు. ఎక్కడో ఖాళీ జాగా చూసి కొత్త బడి కట్టడం కన్నా ఇదే మంచిది. 2023 డిసెంబరు నుంచి ఆడపిల్లలకు ఆర్టీసీ బస్సు ఉచితమే, నిజమే. కానీ బస్సే రాని కాలనీలో ఉన్న పిల్లకు దానివల్ల ఏం లాభం? నడిచి వెళ్లేంత దూరంలో బడి ఉంటేనే ఆమె పదో తరగతి దాకా వస్తుంది.

ఒక్క షరతు. లెక్కలకు, సైన్సుకు, సోషల్‌కు స్కూల్ అసిస్టెంట్ (హైస్కూలు సబ్జెక్టు టీచరు) పోస్టులు మంజూరు కాకుండా అప్‌గ్రేడ్ చేస్తే మారేది బోర్డు మీది పేరే. డిప్యుటేషన్ మీద పాత హైస్కూలు టీచర్లను పంపితే రెండు బడులూ దెబ్బతింటాయి. గదుల ఉత్తర్వుతో పాటే పోస్టుల ఉత్తర్వూ కావాలని తల్లిదండ్రులు, బడి బాగోగులు చూడటానికి 2024లో ఏర్పడిన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు గట్టిగా అడగాలి. అదీ జూన్‌లో బడులు తెరవకముందే.