గడువు మీదికొచ్చింది: పని తగ్గించాలా, తేదీ జరపాలా, మనుషుల్ని పెంచాలా?

ఒక సాఫ్ట్‌వేర్ టీమ్‌ను తీసుకుందాం. అయిదుగురు ఉన్నారు, ఆగస్టు 1న రిలీజ్, చేతిలో 6 వారాలు. ఇంకా 12 ఫీచర్లు మిగిలాయి. ఒక్క మనిషే చేస్తే వాటికి 40 వారాలు పడుతుంది. అయిదారుల ముప్పై కదా, కాస్త గట్టిగా కూర్చుంటే అయిపోతుందనిపిస్తుంది. లెక్క తప్పేది ఇక్కడే. మీటింగులకు, సెలవులకు, ప్రొడక్షన్‌లో (ఇప్పటికే వాడుకలో ఉన్న సాఫ్ట్‌వేర్‌లో) ఉన్నట్టుండి వచ్చిపడే సమస్యలకు అయిదో వంతు తీసేయాలి. అప్పుడు టీమ్ వారానికి చేయగలిగేది నలుగురి పనే, ఆరు వారాలకు ఒక్క మనిషి లెక్కన 24 వారాల పని. లోటు 10 కాదు, 16. ఈ అంకె లేకుండా క్లయింటుతో మాటలకు కూర్చుంటే వాళ్లు చెప్పిన తేదీయే ఖాయమవుతుంది.

ఈ అంచనా టీమ్ లీడ్ ఒక్కరే వేయకూడదు. ఒక్కో ఫీచర్‌కు ఎన్ని వారాలో ఎవరికి వారు చీటీ మీద రాసి, అందరూ ఒకేసారి చూపించాలి. సీనియర్ ముందు నోరు విప్పితే మిగతావాళ్లు దానికే తలూపుతారు. ఒకరు 2, ఇంకొకరు 6 అని రాస్తే సగటు తీయొద్దు, వాళ్లిద్దర్నీ మాట్లాడనివ్వండి. పాత కోడ్‌లోని చిక్కో, వేరే టీమ్ నుంచి రావాల్సిన అనుమతో ఆ 6 రాసినవాళ్లకే తెలిసి ఉండొచ్చు.

ఇప్పుడు మూడు దారులు.

మేనేజర్లకు ముందు తట్టేది మనుషుల్ని పెంచడం. ముగ్గుర్ని ఇచ్చారనుకుందాం. లాగిన్లు, వీపీఎన్, కోడ్ అర్థం చేసుకోవడం, వీటితోనే మొదటి 3 వారాలు గడుస్తాయి. ఆ మూడు వారాలూ పాతవాళ్లలో ఇద్దరు సగం సమయం కేటీ (కొత్తవాళ్లకు పని వివరించడం) ఇస్తూ కూర్చుంటే 3 వారాల పని పోయినట్టే. మిగిలిన 3 వారాల్లో కొత్తవాళ్లు సగం వేగంతో చేస్తే వచ్చేది నాలుగున్నర. నికర లాభం ఒకటిన్నర, లోటేమో 16! పైగా అయిదుగురి మధ్య 10 జంటల సంభాషణలు ఉంటే, ఎనిమిది మందికి అవి 28 అవుతాయి. ఐబీఎంలో ఓఎస్/360 అనే ఆపరేటింగ్ సిస్టమ్ పనిని నడిపించిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే ఈ మాట చెప్పారు: ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ పనికి మనుషుల్ని కలిపితే అది ఇంకా ఆలస్యమవుతుంది. కొత్తగా వచ్చేవాళ్లు ఇంతకుముందు అదే కోడ్ మీద పనిచేసినవాళ్లయితే, లేదా టెస్ట్ డేటా, వేర్వేరు ఫోన్లలో పరీక్షలు లాంటి విడదీయగల పనులుంటే మాత్రం తీసుకోవచ్చు.

తేదీ జరపాలంటే లోటు 16ను వారానికి 4తో భాగించాలి. 4 వారాలు, అంటే ఆగస్టు 29. అడిగేది ఒక్కసారే అడగాలి. ముందు రెండు వారాలు, ఆ తర్వాత ఇంకో రెండు అంటే మూడోసారి మీ మాటకు విలువ ఉండదు. ఖర్చు ఎవరి మీద పడుతుందో కాంట్రాక్ట్‌లో చూసుకోండి. ఫిక్స్‌డ్ ప్రైస్ (మొత్తం పనికి ముందే ఒప్పుకున్న ఒకే ధర) అయితే ఆ 4 వారాల జీతాలు మన కంపెనీవే, ఆలస్యానికి పెనాల్టీ ఉంటే అదీ మనదే. పనిచేసిన గంటలకు బిల్లు వేసే పద్ధతైతే భారం క్లయింటుది, కాబట్టి అటువైపు నుంచే ప్రతిఘటన వస్తుంది. వాళ్లు ఇవ్వాల్సిన ఏపీఐయే (వాళ్ల సిస్టమ్‌తో మన సాఫ్ట్‌వేర్‌ను కలిపే మార్గం) ఆలస్యమైతే ఆ సంగతి ఆ వారమే మెయిల్‌లో ఉండాలి. ఆఖరున చెబితే సాకులా వినిపిస్తుంది.

పని తగ్గించడమే చాలాసార్లు మేలు. దానికి ముందు క్లయింటును అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఆగస్టు 1న మీకు ఏం జరగాలి? బోర్డుకు డెమో చూపించడమే అవసరమైతే నాలుగు స్క్రీన్లు చాలు. నెలనెలా 20న వేసే జీఎస్టీఆర్-3బీ రిటర్నులాంటి చట్టబద్ధమైన గడువు ముడిపడి ఉంటే తేదీ కదలదు, ఆ రిటర్నుకు కావాల్సిన ఫీచర్లు ముందుకు రావాలి, మిగతావి ఆగాలి.

12 ఫీచర్ల పక్కన వారాల అంకెలు రాసి క్లయింటు ముందు పెట్టండి. ఏవి ఆపాలో వాళ్లనే ఎంచుకోనివ్వండి, ఎంపిక వాళ్లదైతే తర్వాత తగాదా ఉండదు. ఆపితే ఫీచర్‌ను పూర్తిగా ఆపాలి. అన్నీ ఉంచి టెస్టింగ్ కోసేస్తే పని తగ్గినట్టు కాదు, రిలీజ్ తర్వాతికి వాయిదా పడినట్టు.

శనివారాలు రమ్మనడం నాలుగో దారిలా కనిపిస్తుంది. ఆరు శనివారాలు, అయిదుగురు, కలిపితే 30 రోజులు, అంటే 6 వారాల పని. ఒక్కరూ సెలవు పెట్టకపోయినా 16 నిండదు. అలసటతో రాసిన కోడ్‌ను సోమవారం సరిదిద్దుకోవడం వేరే. చివరి వారం ఒక్క శనివారమైతే టీమ్‌ను అడిగి పెట్టుకోవచ్చు.

క్లయింటు కాల్‌కు ముందు మీ మేనేజర్‌కు అంకెలు చూపించండి, అందరి ముందూ ఆయన తొలిసారి వినకూడదు. కాల్‌లో ‘కష్టమే సార్, చూస్తాం’ అనకండి, అవతల అది ‘సరే’ అనే వినిపిస్తుంది. ‘ఆగస్టు 1కి మీరు ఎంచుకున్న 7 ఫీచర్లు టెస్ట్ చేసి ఇస్తాం, మిగతా 5 ఆగస్టు 29న’ అని చెప్పి, అదే వాక్యాన్ని ఆ సాయంత్రమే మెయిల్‌లో పంపండి.