మామిడి తోపులో ప్యానెల్ ఇల్లు: కొన్ని ఎండాకాలాలు, కొన్ని తుఫాన్ల తర్వాత

ఇనుప ఫ్రేముకు రేకు, ఫోమ్ పలకలు బిగించి కట్టే ప్యానెల్ ఇల్లు చల్లగా ఉంటుందా అని అడిగేవాళ్ళను నేను ముందు ఒకటి అడుగుతాను: ఏ పూట? పగటికి ఒక జవాబు, రాత్రికి ఇంకో జవాబు. అమ్మేవాళ్ళు రెండూ కలిపేసి "బయటికన్నా పది డిగ్రీలు తక్కువ సార్" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అది నమ్మి కొన్నవాళ్ళు మే నెల మధ్యాహ్నం తిట్టుకుంటారు. అదంతా అబద్ధమని కొట్టిపారేసినవాళ్ళు మే నెల రాత్రిని పోగొట్టుకుంటారు.

మాది పాకాల దగ్గర, దామలచెరువు వైపు, మామిడి తోపు. చెట్లు ఎక్కువగా బెంగళూరా (తోతాపురి) రకమే. కోతల కాలంలో నెల, నెలన్నర అక్కడే ఉండక తప్పదు. మిగతా రోజుల్లో వీలున్నప్పుడల్లా తిరుపతి నుంచి వెళ్ళి వస్తుంటాం. కరోనా రోజుల్లో మేస్త్రీలు దొరకడం కష్టమై, ఇసుక ధర వింటేనే కళ్ళు తిరుగుతున్న సమయంలో, 2021 మొదట్లో ఈ ఇల్లు వేయించాం. ఇనుప బాక్స్ పైపుల ఫ్రేము, గోడలకు 50 మిల్లీమీటర్ల పఫ్ ప్యానెళ్ళు, పైకప్పుకు 80. హాలు, ఒక గది, వంటిల్లు, బాత్‌రూమ్ కలిపి 600 చదరపు అడుగులు. సరుకు చెన్నై వైపు నుంచి లారీలో వచ్చింది. కంపెనీ పేరు రాయను. వాడుకున్న మీదట నాకు అర్థమైందేమంటే, ఈ ఇళ్ళలో మంచిచెడ్డలు ప్యానెల్ తయారుచేసిన ఫ్యాక్టరీ కన్నా దాన్ని తెచ్చి బిగించిన నలుగురు మనుషుల చేతుల్లోనే ఎక్కువగా ఉంటాయి.

తెలియనివాళ్ళ కోసం క్లుప్తంగా: పఫ్ ప్యానెల్ అంటే అర మిల్లీమీటరు మందం ఉన్న రెండు రంగు రేకులు, వాటి మధ్య పాలియురేథేన్ ఫోమ్. ఫోమ్ సాంద్రత ఘనపు మీటరుకు 40 కిలోల దగ్గర ఉండాలి. కొటేషన్‌లో ఆ అంకె లేకపోతే రాయించుకోండి. వేడిని ఆపడంలో ఈ ఫోమ్‌కు సాటి వచ్చే గోడ మన ఊళ్ళలో లేదు. 2 అంగుళాల ఫోమ్ ఆపేంత వేడిని ఇటుకతో ఆపాలంటే, లెక్క ప్రకారం, గోడ 4, 5 అడుగుల మందం ఉండాలి.

మరి మధ్యాహ్నం ఎందుకు ఉడికిపోతాం? గోడ వేడిని ఆపుతుంది కానీ దాచుకోలేదు కాబట్టి. ఇటుక గోడ, కాంక్రీటు మిద్దె పొద్దున్నుంచి వేడిని తాగుతూ కూర్చుంటాయి. మధ్యాహ్నం దాకా లోపల కాస్త నయంగా ఉంటుంది, తాగిందంతా రాత్రి పది గంటలకు మన మీద కక్కుతాయి. ప్యానెల్ గోడకు ఆ బరువు లేదు. కత్తిరి ఎండల్లో నలుగురు హాల్లో కూర్చుని, వంటింట్లో కుక్కర్ పెట్టి, పిల్లలు తలుపు పదిసార్లు తీసి వేస్తే లోపలికి వచ్చిన వేడి ఎటూ పోదు. ఆపడానికి పెట్టిన గోడ దాన్ని బయటికీ పోనివ్వదు. అదే పొద్దు వాలాక కిటికీలు తెరిస్తే గంటలోపే ఇల్లంతా తేలికపడుతుంది. తిరుపతిలో మా మిద్దె ఇంట్లో ఏసీ లేకుండా మే నెలలో నిద్ర పట్టదు. తోపులో ఫ్యాను చాలు, తెల్లవారుజామున దుప్పటి కూడా వెతుక్కుంటాం. ఏసీ పెట్టుకున్నా ఇదే గుణం: చిన్న ఏసీ కూడా నిమిషాల్లో చల్లబరుస్తుంది, ఆపిన నిమిషాల్లోనే ఆ చల్లదనం మాయం.

మధ్యాహ్నపు బాధను తగ్గించింది కంపెనీ కాదు, మా నాయన. మొదటి ఎండాకాలం చూసి, "ఇంటికి గోడలున్నాయి గానీ నీడ లేదురా" అన్నాడు. ఆ మాట మీద పడమర, దక్షిణం వైపుల వసారా దించాం. పాత ద్రాక్ష పందిరి నుంచి తెచ్చిన రాతి కూసాలు, పైన మామూలు రేకు, కింద కడప బండ. ఎండ గోడ మీద నేరుగా పడడం ఆగిపోయింది. అంతకుముందు సాయంత్రం నాలుగింటికి పడమటి గోడ రేకును బయటనుంచి ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమనేది. ఇప్పుడు ఆ గోడకు ఆనుకునే వేప చెక్క బెంచీ వేసుకుని కూర్చుంటున్నాం. నిజానికి పగలంతా అందరం వసారాలోనే ఉంటాం. లోపలికి వెళ్ళేది వండుకోవడానికి, పడుకోవడానికి. కంపెనీల బ్రోచర్లలో వసారా ఉన్న బొమ్మ నాకు ఒక్కటీ కనిపించలేదు. అన్నీ నున్నగా, చూరు కూడా లేని డబ్బాలే. ఆ డిజైన్ చలిదేశాలకు నప్పుతుందేమో, మన ఎండకు నప్పదు.

ఇక అతుకుల సంగతి. ఈ సమీక్షలో ఒక్క పేరా మాత్రమే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి. ప్యానెల్ పాడవదు. ప్యానెల్‌కూ ప్యానెల్‌కూ మధ్య ఉన్నది పాడవుతుంది. ఇనుము ఎండకు సాగుతుంది, రాత్రికి ముడుచుకుంటుంది. మా పైకప్పు రేకు 30 అడుగుల పొడవు. రాత్రికీ మధ్యాహ్నానికీ రేకు వేడిలో 30 డిగ్రీల తేడా ఉంటే అది దాదాపు 3 మిల్లీమీటర్లు సాగుతుంది. ఎండాకాలంలో తేడా అంతకన్నా ఎక్కువే. పొద్దున ఎండ పడగానే ఒకసారి, పొద్దు గూకాక ఒకసారి కప్పు టకటకమని చప్పుడు చేస్తుంది. మా అవ్వ మొదటి రాత్రి ఆ చప్పుడు విని, తోపులో ఏదో తిరుగుతోందని నిమ్మకాయలు కట్టించింది. తిరిగేది రేకే. అలా రోజూ కదిలే రేకును స్క్రూలు పట్టుకుని ఉంటాయి. స్క్రూ తల కింద నల్ల రబ్బరు వాషర్ ఉంటుంది. రెండు మూడేళ్ళ ఎండకు ఆ రబ్బరు గట్టిపడి పగులుతుంది, స్క్రూ రంధ్రం కొంచెం పెద్దదవుతుంది. అప్పుడు వాన వస్తుంది.

మాకు 2021 నవంబరులోనే వచ్చింది. తిరుపతి వీధులు ఏరులై పారి, రాయలచెరువు కట్టకు గండి పడుతుందేమోనని కింది ఊళ్ళు ఖాళీ చేయించిన వానలు అవి. తోపులో కట్టడం ఒక అంగుళం కూడా కదల్లేదు, గోడల్లో తేమ లేదు, నానిన వాసన లేదు. ఇటుక ఇల్లయితే సంక్రాంతి దాకా ఆరేది కాదు. కానీ కప్పు రెండు వాలులూ కలిసే నడికొప్పు దగ్గర, బాత్‌రూమ్ పైన చినుకు దిగింది. కంపెనీకి ఫోన్ చేస్తే ఇద్దరు కుర్రాళ్ళు వచ్చి అతుకులు మూసే పాత సిలికాన్ జిగురు మీద కొత్త సిలికాన్ పూసి, ఫొటో తీసుకుని వెళ్ళారు. మరుసటి ఏడాది అక్కడే మళ్ళీ కారింది. ఎండకు చచ్చిన సిలికాన్ మీద ఏం పూసినా అది దానితో పాటే ఊడుతుంది.

చివరికి పాకాలలో గేట్లు, షెడ్లు చేసే ఒక వెల్డింగ్ అన్న దాన్ని బాగుచేశాడు. పైకెక్కి చూసి, "ఈ స్క్రూలు నీళ్ళు పారే పల్లంలో కొట్టినారు. ఉబ్బు మీద కొట్టాల" అన్నాడు. కప్పు రేకులో గట్టు, పల్లం ఉంటాయి కదా, స్క్రూ గట్టు మీద పడితే నీళ్ళు దాని పక్కనుంచి జారిపోతాయి. పల్లంలో పడితే వానంతా దాని మీదుగానే పారుతుంది. ఆయన కొప్పు రేకు మొత్తం విప్పి, పాత సిలికాన్ గీకేసి, అతుకు కింద బ్యూటైల్ టేపు (జిగురు రబ్బరు పట్టీ) పరిచి, ఒక సైజు పెద్ద స్క్రూలతో మళ్ళీ బిగించాడు. పల్లంలోని పాత రంధ్రాలను రివెట్లు కొట్టి మూసేశాడు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను వానలకు మళ్ళీ పరీక్ష జరిగింది. చుక్క దిగలేదు. అప్పటినుంచి ఏటా వానలకు ముందు ఒక మనిషిని కప్పు ఎక్కించి వాషర్లు చూపించడం, వదులైనవి మార్పించడం మాకు అలవాటైంది. అరపూట పని. ఈ ఖర్చు గురించి అమ్మేటప్పుడు ఎవరూ చెప్పరు.

కోతుల విషయం ఇక్కడివాళ్ళకు వేరే చెప్పాలా. కప్పు మీద అవి దూకిన చోటల్లా రేకు సొట్ట పడింది. కారడం లేదు కాబట్టి పట్టించుకోవడం మానేశాం. చీమలు మాత్రం తేలిగ్గా తీసుకోదగ్గవి కావు. ఏసీ పైపు కోసం గోడకు వేసిన రంధ్రం అంచు మూయకుండా వదిలేస్తే, అక్కడి ఫోమ్‌ను తొలిచి గూడు పెట్టాయి. ఫోమ్ బయటికి కనిపించే ప్రతి అంచుకూ రేకు పట్టీ ఉండాలి. ఎలుకలకూ అదే మందు.

వంటిల్లు గురించి నాకు గట్టి అభిప్రాయం ఉంది. పాలియురేథేన్ ఫోమ్ కాలుతుంది, కాలితే వచ్చే పొగ విషం. రేకు కప్పి ఉంటుంది కాబట్టి అగ్గిపుల్లకు అంటుకోదు, నిజమే. కానీ పొయ్యి వెనక గోడకు, కరెంటు బోర్డు ఉన్న గోడకు రాక్‌వూల్ (రాతిని కరిగించి తీసిన ఉన్ని) ప్యానెల్ అడగండి. అది కాలదు. బరువు ఎక్కువ, ధర ఎక్కువ, వేడిని ఆపడంలో ఫోమ్ అంత గట్టిది కాదు, అయినా ఆ రెండు గోడలకూ అదే సరైనది. మేము సిలిండర్‌ను బయట గూట్లో పెట్టించాం, కరెంటు తీగలన్నీ పైపుల్లోంచే తీయించాం, ఇనుప ఫ్రేముకు ఎర్తింగ్ విడిగా వేయించాం. పూజ గూడు గోడకు తగిలించకుండా కడప బండ మీద విడిగా నిలబెట్టాం. కార్తీక మాసంలో గుమ్మం పక్కన పెట్టిన దీపాలకే రేకు రంగు పసుపుబారింది, ఇంక రోజూ గోడ పక్కన దీపమంటే ఎందుకొచ్చిన టెన్షన్.

గోడకు మేకు దిగదు. క్యాలెండర్ అయస్కాంతంతో అతుక్కుంటుంది, అది పిల్లలకు భలే సరదా. టీవీ, గీజర్, అలమర లాంటి బరువులు మాత్రం ఫ్రేము కడుతున్నప్పుడే చెప్పాలి, ఆ చోట లోపల అడ్డ పైపు వేయించుకోవాలి. తర్వాత గుర్తొస్తే అర మిల్లీమీటరు రేకు తప్ప స్క్రూ పట్టుకోవడానికి ఏమీ ఉండదు. గోడలు నూలు పట్టినట్టు తిన్నగా ఉండడం వల్ల రెడీమేడ్ కబోర్డులు సందు లేకుండా కూర్చుంటాయి. అయితే పార్టికల్ బోర్డువి తీసుకోకండి, మావి రెండో వానాకాలానికే కింద ఉబ్బి పొట్టు రాలాయి. అమ్మ పెళ్ళినాటి టేకు మంచం ఆ రెండున్నర అడుగుల తలుపులోంచి పట్టనే లేదు, వసారాలో ఉంది. తలుపు వెడల్పు మీరే చెప్పి చేయించుకోండి.

ఫోన్ సిగ్నల్ లోపల సగానికి పడిపోతుంది. చుట్టూ ఇనుప రేకే కదా. మాట్లాడాలంటే కిటికీ దగ్గరికో వసారాలోకో పోవాల్సిందే.

ఖర్చు చవక అనుకుని వచ్చేవాళ్ళు ఆగండి. మాకు ప్యానెళ్ళు, ఫ్రేము, బిగింపు కలిపి చదరపు అడుగుకు 1,500 రూపాయల దగ్గర పడింది. దాని మీద పునాది, టైల్స్, బాత్‌రూమ్ సామాన్లు, వైరింగ్, లారీ బాడుగ, వసారా. అన్నీ కూడితే ఇటుక ఇంటికి దగ్గర్లోకే వచ్చింది. మిగిలింది డబ్బు కాదు, కాలం. పునాది ఆరాక మూడు వారాల్లో తాళం చేతికొచ్చింది. బ్యాంకు మాత్రం ఇంటి లోన్ ఇవ్వలేదు, సొంత డబ్బుతోనే చేశాం. "ఎప్పుడైనా విప్పి ఇంకోచోటికి తీసుకెళ్ళొచ్చు" అంటారు, అందులో పునాది, టైల్స్, బాత్‌రూమ్ రావన్న సంగతి మనమే గుర్తుపెట్టుకోవాలి.

చెన్నై పెరుంబాక్కంలో కేంద్ర ప్రభుత్వం లైట్ హౌస్ ప్రాజెక్టు కింద 1,152 ఇళ్ళు ఇలాగే కట్టింది కదా అని మా సేల్స్ కుర్రాడు ఊదరగొట్టాడు. ఆ ఇళ్ళు 2022లో ఇచ్చారు, నిజమే. కానీ అవి ఫ్యాక్టరీలో పోసిన కాంక్రీటు ముక్కలతో కట్టిన అపార్ట్‌మెంట్లు. వాటి బరువు వేరు, ఆయుష్షు వేరు. ఆ పేరు చెప్పి రేకుల ప్యానెల్ అమ్మితే నవ్వి ఊరుకోండి.

ఇది చూసి మా బావ చిత్తూరులో తన మిద్దె మీద ఒక గది వేయించుకుంటానంటున్నాడు. ఆ పనికి ఇది సరైన సరుకే అని చెప్పాను. 9 అంగుళాల ఇటుక గోడ చదరపు మీటరుకు 400 కిలోలకు పైనే తూగుతుంది, ఈ ప్యానెల్ 10 కిలోల చిల్లర. పాత మిద్దె మీద భారం పడదు. కానీ తేలిక అన్నది గాలికి కూడా తేలికే, మూడో అంతస్తు ఎత్తులో చుట్టూ అడ్డం లేని చోట ఇంకా. ఫ్రేము కాళ్ళను కింది స్తంభాలు, దూలాలు ఉన్న చోటే యాంకర్ బోల్టులతో బిగించమని, బోల్టు దిగిన ప్రతిచోటా మిద్దెకు మళ్ళీ వాటర్‌ప్రూఫింగ్ చేయించమని చెప్పాను. కంపెనీవాళ్ళు స్లాబు మీద ఎక్కడైనా బిగిస్తాం, ఏం కాదంటున్నారట. స్తంభం మీదికి జరిపితే గది రెండడుగులు చిన్నదవుతుందని బావ బాధ. ఇంకా బేరం తెగలేదు.